ఉన్న ఒంటికే కొలత

"నాన్నా, ఇవాళ ఏ వారం?"

"మంగళవారం. ఏం?"

"మరి ఈ కాగితంలో శనివారం దాకా టిక్కులు పడిపోయాయేంటి?"

మాస్టరు చేతిలోని బిస్కెట్టు టీలో మునిగి మళ్లీ పైకి రాలేదు. వంటింటి గోడకి అంటించిన కాగితం ముందు కూతురు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. తేదీలు చూడకుండా ఏదీ వదిలిపెట్టే రకం కాదు.

ఆయన పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాడు కాబట్టి అందరికీ మాస్టరే. అయిదు నెలల క్రితం ఒక పొద్దున లేచేసరికి కుడిచేయి మాట వినలేదు. చిన్నపాటి పక్షవాతం అన్నారు. మాట, నడక తిరిగొచ్చాయి గానీ వేళ్లు మాత్రం మొద్దుబారిపోయాయి. వ్యాయామం నేర్పే ఆవిడ ఒక పాత కోటు ముక్క ఇచ్చింది. దానికి పది గుండీలు, పది కాజాలు. రోజుకి పది నిమిషాలు పెట్టడం, తియ్యడం, అంతే. చేసిన రోజు గడిలో టిక్కు పెట్టమంది. నెలాఖరుకల్లా వేళ్లలో పట్టు కనిపించకపోతే ఆయన కుట్టుషాపు ఖాళీ చేసేద్దామని తల్లీకూతుళ్లు అనుకున్నారు. తాళం ఎప్పుడిస్తారని షాపు ఓనరు రెండుసార్లు అడిగి వెళ్లాడు కూడా.

అంత చిన్న పని మాస్టరుకి ఆనదు. ఆయన తీర్మానాలన్నీ కొండంతలు. నలభై రోజుల ఉపవాసం అన్నాడు. అది మూడో రోజు మధ్యాహ్నం బిస్కెట్ల డబ్బా మూత చప్పుడుతో ముగిసింది. తెల్లవారుజామున నాలుగింటికి మోకరించి ప్రార్థన చేస్తానన్నాడు. వారం తిరక్కుండానే మోకాళ్ల మీద గురక పెట్టాడు. ఏడాదిలో బైబిలు మొదటినుంచి చివరిదాకా చదువుతానని ప్రతి పుట్టినరోజుకీ మొదలుపెట్టి, బలుల అధ్యాయాల దగ్గర ఆగిపోతాడు. "మీ దూడ ఈ ఏడైనా బలిపీఠం ఎక్కుతుందా?" అని భార్య ఆటపట్టిస్తుంది. ఆయన మాత్రం, రోజూ పొయ్యి మీద పాలు కాగేలోపు నాలుగు వచనాలు చదువుకునే ఆవిడని "నాలుగు వచనాల భక్తురాలు" అంటాడు.

"విశ్వాసంతో పెట్టానమ్మా" అన్నాడు మాస్టరు చివరికి. "జరగబోయేదాన్ని జరిగినట్టే చూడాలి. విశ్వాసం అంటే అదే కదా!"

"బాగుంది! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నీ విశ్వాసం. అసలు ఈ నెలలో ఆ కోటు ముక్క ఎన్నిసార్లు ముట్టుకున్నావు?"

కూతురు గూట్లోంచి కోటు ముక్క తీసుకొచ్చి బల్ల మీద పరిచింది. దుమ్ము లేచింది.

"ఒక్క గుండీ పెట్టు నాన్నా. ఒక్కటి చాలు."

"ఏమనుకుంటున్నావు నన్ను? వేలకొద్దీ కోట్లు కుట్టిన చేయి ఇది! ఇప్పుడు నాకు పలకా బలపం పట్టిస్తావా? దేవుడు తలుచుకుంటే ఒక్క రాత్రిలో బాగవుతుంది!" ఎడమచేత్తో కోటు ముక్కని విసిరికొట్టాడు. అది వెళ్లి గిన్నెల మధ్య పడింది.

"దేవుడు తలుచుకుంటాడులే. మధ్యలో నువ్వు కూడా కాస్త తలుచుకోవాలి కదా!" పిల్ల బ్యాగు అందుకుంది. "నువ్వు షాపులో కూర్చోవాలని నాకు మాత్రం లేదా? నేను తాళం ఇచ్చేస్తాను నాన్నా. ఈ దొంగ టిక్కులు చూస్తూ కూర్చోలేను." బ్యాగు తగిలించుకుని, కళ్లు తుడుచుకుంటూ పనికి వెళ్లిపోయింది.

మాస్టరు భార్య పొయ్యి దగ్గర్నుంచి ఇవతలికి వచ్చింది. గిన్నెల్లోంచి కోటు ముక్క తీసి దులిపి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, హెడ్మాస్టరుగారి కోటు గుర్తుందా?"

"ఇప్పుడా కోటు గొడవెందుకే?"

"నెలలో తగ్గిపోతాను, రెండంగుళాలు తక్కువ పెట్టి కుట్టండి అన్నాడాయన. మీరేమన్నారు?"

మాస్టరు తల దించుకున్నాడు. ఆ మాట ఆయన ఎంతమందితో అన్నాడో లెక్కలేదు. "ఉన్న ఒంటికే కుడతాను సార్, రాబోయే ఒంటికి కాదు. తగ్గాక రండి, అప్పుడు లోపలికి కుట్టేస్తాను."

"మనుషులకైతే ఉన్న ఒంటికే కొలత" అంది ఆవిడ. "దేవుడి ముందుకి వెళ్తే మాత్రం రాబోయే ఒంటికి కొలతలిస్తారు. నలభై రోజులు, తెల్లారి నాలుగింటికి, ఏడాది! ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఏడాదికి సరిపడా రొట్టె అడగమన్నాడా? ఇవాళ్టికే కదా అడగమన్నాడు."

మాస్టరు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"భయమే నాకు. ఉపవాసం తప్పితే ఎవరూ ఏమీ అనరు, పెద్ద పని కదా, పోనీలే అంటారు. పది నిమిషాలు కూర్చుని కూడా గుండీ పట్టకపోతే? ఇంకేం చెప్పుకోను? ఇక నా చేయి పోయినట్టే కదా!"

ఆవిడ ఆ మొద్దుబారిన చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఆయన భయమేస్తోందని చెప్పడం ఆవిడ వినలేదు. ఇద్దరికీ ఏడుపొచ్చింది, ఇద్దరూ ఏడ్చారు.

"రేపు నా పక్కన నిలబడండి" అంది చివరికి. "పాలు పొంగే దాకా. నేను చదువుకుంటాను, మీరు గుండీ పట్టండి. పాలు పొంగాయా, ఆపేద్దాం."

"సరే గానీ, అడగడం మరిచా. ఇన్నేళ్లూ నాలుగేసి వచనాలు చదివావు కదా, ఎక్కడిదాకా వచ్చావు?"

"ఎప్పుడో అయిపోయింది. రెండోసారి సగానికి దగ్గరపడ్డాను."

మాస్టరు తెల్లబోయాడు. "దూడలన్నీ దాటేసి?"

"రోజుకొకదాన్ని" అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున కూతురు లేచేసరికి గోడ మీద పాత కాగితం లేదు. కొత్త కాగితంలో ఒకటే గడి ఉంది, దానిపైన ఆ రోజు తేదీ. మాస్టరు పొయ్యి పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇవాళ్టికి పాలు పొంగే దాకా ఓపికివ్వు" అన్నాడు. అంత పొట్టి ప్రార్థన ఆయన జీవితంలో చెయ్యలేదు. గుండీ పదకొండుసార్లు జారింది. పాలు పొంగాయి. ఆయన ఎడమచేత్తో వంకరగా ఒక టిక్కు పెట్టాడు.

"పెట్టలేదుగా, మరి టిక్కెందుకు?" అంది కూతురు.

"నిలబడ్డాను కదా. గడి నిలబడినందుకే" అన్నాడు. తాళం ఇచ్చేస్తామని ఆ రోజు ఓనరుకి ఫోను చెయ్యాలనుకున్న పిల్ల చెయ్యలేదు.

రోజూ పొద్దున ఆ రోజు గడి ఒక్కటే పక్కన గీసుకునేవాడు. మధ్యలో ఒక రోజు జలుబు చేసి లేవలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాడు. పాత మాస్టరైతే మొత్తం వదిలేసేవాడే. ఈయన మర్నాడు మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

ఇరవయ్యో రోజున గుండీ అంచు కాజాలోకి దూరింది. బొటనవేలు నెమ్మదిగా తోసింది. భార్య చదువుతున్న వచనం మధ్యలో ఆపేసింది. గుండీ సగం దాటింది, ఆగింది, మళ్లీ కదిలింది. టప్పున అవతలికి వచ్చేసింది.

అప్పుడే చుయ్‌మని చప్పుడు. మాడు వాసన పట్టి కూతురు పరుగెత్తుకొచ్చింది. పాలు పొయ్యి నిండా పారి గట్టు మీదుగా కారుతున్నాయి. ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా పాలు పోనివ్వని అమ్మ పొయ్యి వైపే చూడట్లేదు. నాన్న చేతిలోని కోటు ముక్క పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అమ్మా! పాలు!"

"పోనీవే" అంది అమ్మ. "ఇటు చూడు."

కూతురు చూసింది. ఆ గుండీని వేలితో తడిమి, పొయ్యి ఆపి, అక్కడే నాన్న భుజం మీద తల ఆనించింది. కాసేపటికి ఫోను తీసి షాపు ఓనరుకి చేసింది.

"తాళం ఇప్పట్లో ఇవ్వం సార్. మాస్టరుకి పని ఉంది."

మాస్టరు పెన్సిలు అందుకున్నాడు. ఈసారి కుడిచేత్తో. టిక్కు గడి దాటి, రేపటి గడి గియ్యాల్సిన చోటుకి పోయింది.

"అదిగో, మళ్లీ రేపట్లోకి వెళ్లిపోయావు నాన్నా!" అంది కూతురు, ఏడుస్తూ నవ్వుతూ.

"తుడిచేస్తానే" అన్నాడు మాస్టరు. "రేపటిది రేపు పెడతాను."