పదకొండింటికి వచ్చే మనిషి

కటింగ్ మాస్టరు కత్తెర పడితే అరంగుళం తేడా రాదు. తేడా అంతా మాట దగ్గరే. భార్యని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న ఆమె పొట్ట పట్టుకుని మంచం అంచున కూర్చుంటుంటే, "నెల రోజులు సెలవు పెట్టేస్తా. నువ్వు పడుకో, పాపని నేను చూసుకుంటా" అన్నాడు. అన్నప్పుడు మనసులోనూ అదే ఉంది. నాలుగో రోజున టైలరింగ్ షాపు ఓనరు ఫోన్ చేశాడు. బడులు తెరిచే వారం, యూనిఫారాల గుడ్డ గుట్టలుగా పడుంది, నువ్వు రాకపోతే నా కొంప మునుగుతుందని మొరపెట్టుకున్నాడు. మాటలు కోటలు దాటినా కాళ్ళు గడప దాటవంటారు. మాస్టరు కాళ్ళు గడప దాటాయి గానీ, బయటికి.

సాయానికి రాగల పెద్ద దిక్కు ఇద్దరి వైపులా లేదు. పొద్దున తొమ్మిదికి వెళ్ళినవాడు రాత్రి తొమ్మిదికి వచ్చేసరికి ఇల్లంతా పుల్లటి పాల వాసన, ఆరని గుడ్డల వాసన. ఎండ పడకుండా వేసిన పరదాలు అలాగే ఉండేవి. ఆమె పాపని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరిచే నిద్రపోతున్నట్టు గోడకి ఆనుకుని ఉండేది. అతనికి సిగ్గేసేది. రేపటి నుంచి తొందరగా వద్దామనుకునేవాడు.

ఒక రాత్రి మెట్ల దగ్గర మేడ మీది ఆంటీ ఎదురైంది. మొగుడంటే నువ్వేనయ్యా అని మెచ్చుకుంది. పదకొండింటికి అతను డాబా మీద పాప గుడ్డలు ఆరేస్తుంటే చూసిందట. వాళ్ళాయన చేత నలభై ఏళ్ళలో ఒక్క చేతిరుమాలు ఆరేయించలేకపోయిందట. పదకొండింటికి మాస్టరు షాపులో, నడుం లోతు నీలం గుడ్డలో ఉన్నాడు. ఆంటీకి చూపు మందగించిందనుకున్నాడు. అయితే ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు కదా. ఊరికే వచ్చిన పొగడ్తని కాదనడానికి మాస్టరెంత? "మన పిల్లే కదండీ" అని నవ్వి లోపలికి వెళ్ళాడు.

ఆమె మొహం తేటగా ఉంది. పదకొండింటికి అతను వచ్చి పాపని అందుకున్నాక రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానని చెప్పింది. "ఒక్క మాటా మాట్లాడలేదేం? అలిసిపోయారా?" అని అడిగింది.

నిద్రలేమిలో కల కని ఉంటుందని సర్దుకున్నాడు. వచ్చింది నేను కాదని చెప్పొచ్చు. కానీ కాన్పయ్యాక ఆమె అతని వైపు అంత ప్రేమగా చూడటం అదే మొదటిసారి. ఆ చూపు వదులుకోవడం అతని వల్ల కాలేదు.

"ఊఁ... కొంచెం" అన్నాడు.

మర్నాడూ అంతే. ఈసారి ఆమె అతని చేతుల్ని మెచ్చుకుంది. ఎన్నిసార్లు చెప్పినా సుద్దపొడి చేతులతోనే పాపని ఎత్తుకునేవారు, ఇప్పుడు శుభ్రంగా కడుక్కుని వస్తున్నారు, కాకపోతే మరీ చల్లగా ఉంటున్నాయి, కాస్త వేడి చేసుకుని ముట్టుకోండి అంది. అతను గదిలోకి వెళ్ళాడు. తలుపు వెనక కొక్కేనికి అతని పాత గళ్ళ చొక్కా ఉంది. పాప పుట్టాక దాన్ని తొడుక్కోనేలేదు. దాని భుజం మీద పాలు కక్కిన మరక ఉంది. ఇంకా తడిగా ఉంది. కాలరు వాసన చూశాడు. చెమట వాసన లేదు. చాలా ఏళ్ళుగా మూసి ఉంచిన గది తలుపు తీస్తే వచ్చే వాసన...

అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే రెండు రోజుల అబద్ధం బయటపడుతుంది. రేపు చెబుదామనుకున్నాడు. తలుపు గడియ వేసుకో, ఎవరొచ్చినా తీయకు అని మాత్రం అన్నాడు. ఆమె నవ్వింది. "మీకు తప్ప ఇంకెవరికి తీస్తాను?"

మూడో రోజు షాపులో మాస్టరు కత్తెర మొదటిసారి గీత దాటింది. పదకొండుంబావుకి ఆమెకి ఫోన్ చేశాడు. రెండో రింగుకే ఎత్తారు. మాట లేదు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. దగ్గరగా ఎవరిదో ఊపిరి.

"ష్... ఇప్పుడే పడుకుంది."

అది అతని గొంతు.

కత్తెర బల్ల మీద పడేసి పరిగెత్తాడు. వీధిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. ఒక్క మనిషి లేడు. రెండేసి మెట్లు ఎక్కాడు. తాళంచెవి తిప్పాడు. తలుపు కదల్లేదు. లోపల గడియ వేసి ఉంది. తట్టాడు. మళ్ళీ తట్టాడు.

గొలుసు తగిలించి ఉండగానే తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుంది. అందులో ఆమె మొహం. అతన్ని చూసింది. వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"మా ఆయన లోపలున్నారు" అంది, గుసగుసగా.

"అది నేను కాదు. నిన్నా నేను కాదు, మొన్నా నేను కాదు. నీకు అబద్ధం చెప్పాను. తలుపు తియ్యి... పాపని తీసుకుని బయటికొచ్చెయ్."

లోపల పాప లేచింది. గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె చెయ్యి గొలుసు మీదికి వచ్చింది. గొలుసు సగం దాకా జరిపి ఆగింది.

"పాలు తాగాక పాపని ఏ భుజం మీద వేసుకుంటే తేన్పు వస్తుంది?" అని అడిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరే అయితే చెప్పండి."

వీధిలో వాళ్ళందరి భుజాల కొలతలూ అతనికి నోటికి వచ్చు. ఇదొక్కటీ తెలియదు. ఒక్కసారైనా వేసుకుని ఉంటే తెలిసేది. ఆమె ఎదురుచూస్తోంది. పాప ఏడుపు గొంతులో చిక్కుకుంటోంది.

"కుడి..." అన్నాడు.

లోపలి గదిలోంచి అతని గొంతే నెమ్మదిగా పలికింది. "ఎడమ."

ఆమె కళ్ళు మూసుకుంది. తలుపు మూసుకుంది. గడియ పడింది. అతను చెక్కకి చెవి ఆనించి, ఆమెని పిలిచాడు, బతిమాలాడు. లోపల పాప ఏడుపు టక్కున ఆగింది. తర్వాత చాలాసేపు చిన్న వీపు మీద మెత్తగా తడుతున్న చప్పుడు... ఒకటి... ఒకటి... ఒకటి...

పాప హాయిగా తేన్చింది.