గెడ్డపేటలో పది నిమిషాలు

ఢిల్లీబాబు పలాస స్టేషన్ రెండో ప్లాట్‌ఫామ్ మీద, సిమెంటు బెంచీ మీద కూర్చునే చనిపోయాడు. చూసినవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారు. రెండు రైళ్లు వచ్చి వెళ్లాయి. ఊడ్చడానికి వచ్చిన మనిషి భుజం తట్టాక గానీ విషయం బయటపడలేదు. రిపోర్టులో గుండెపోటు అని రాశారు. కుడి మోచేతి మడతలో ఉన్న సూది చుక్క గురించి ఇంకో రిపోర్టు రాశారు. దాన్ని చదివింది ముగ్గురే.

పద్దెనిమిది రోజుల తర్వాత అతని భార్య ఇందుమతి అదే ప్లాట్‌ఫామ్ మీద దిగింది. వీపున బ్యాక్‌ప్యాక్, తలకి నీలం టోపీ. టికెట్ మీద పేరు రజని. హైదరాబాద్, సాఫ్ట్‌వేర్, సోలో ట్రావెలర్. ఆ బెంచీ మీద ఎవరో పనసకాయల బస్తా పెట్టారు. ఆమె దాన్ని దాటుకుని బయటికి నడిచింది. ఏమీ అనిపించలేదు. కొన్నాళ్లుగా ఆమెకి ఏదీ అనిపించడం లేదు.

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం వెనక గదిలో నారాయణరావు ఎదురుచూస్తున్నాడు. ఆమె పై అధికారి. బేరానికి వచ్చిన వ్యాపారిలా చేతిలో గుప్పెడు పప్పు పట్టుకుని ఉన్నాడు.

"ఈ రోజు సాయంత్రం నాలుగూ ఇరవై. మన కొత్త సబ్‌మెరైన్ గెడ్డపేట ఎదురుగా వెళ్తుంది. ట్రయల్ రన్. దగ్గరగా ఉండేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల శబ్దం రికార్డయితే చాలు, జీవితాంతం దాన్ని ఏ సముద్రంలోనైనా గుర్తుపట్టేస్తారు."

"వెనక్కి పిలవలేమా?"

"నీళ్లలో ఉంది. ఆరింటిదాకా కాంటాక్ట్ లేదు."

"వింటున్నది ఎవరు?"

"ఎరిక్. గెడ్డపేటలో సర్ఫ్ క్యాంప్ నడుపుతున్నాడు. పాస్‌పోర్టులు నాలుగు, దేశం ఏదో తెలీదు. మైకు ఎక్కడ పెట్టాడో కూడా తెలీదు. అది తెలుసుకోవడానికే ఢిల్లీబాబు..." నారాయణరావు ఆగి, పప్పు మళ్లీ బస్తాలో పోసేశాడు. "అక్కడ సంజన ఉంది."

సంజన, ఇందుమతి ఒకే బ్యాచ్. రెండేళ్లుగా సంజన ఎరిక్ దగ్గర సర్ఫింగ్ కోచ్. వాళ్ల మనిషిగా నటిస్తున్న మన మనిషి. కాకపోతే, మన మనిషిగా నటిస్తున్న వాళ్ల మనిషి. ఆఫీసులో ఎవరూ తేల్చుకోలేకపోతున్నారు. చివరిగా ఢిల్లీబాబు కలిసింది ఆమెనే. ఆ తర్వాత ఆమె నుంచి ఒక్క మెసేజ్ లేదు.

"ఎడమ అల దొరుకుతుందా అని అడుగు. ఎడమకి రాళ్లు, కుడికి వెళ్దాం అంటే మనది. ఇంకేదన్నా అంటే..." ఒక పెన్ను ముందుకు జరిపాడు. "క్యాప్ రెండుసార్లు తిప్పితే సూది బయటికొస్తుంది." తర్వాత ఒక సన్‌స్క్రీన్ ట్యూబు. "దీని అడుగు నొక్కితే గస్తీ బోటు వస్తుంది. చెయ్యగలవా ఇందూ?"

"చెయ్యగలను సార్."

నిజమే చెప్పింది. ఈ రోజుల్లో ఆమె ఏ పనైనా చెయ్యగలదు.

షేర్ ఆటో కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్లింది. ఎదురుగా పలాస వెళ్లే ఆటోలో ఇద్దరు ఆడవాళ్లు ఆస్పత్రి ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డయాలిసిస్ రోజు కాబోలు. ఇందుమతి టూరిస్టులు తీసే ఫొటోలన్నీ తీసింది. జీడిమామిడి చెట్లు, ఇసుకలో వరసగా ఆగిన ఫైబర్ తెప్పలు, గోడమీద ఎవరో గీసిన అల బొమ్మ. గెడ్డపేట ఇప్పుడిప్పుడే సర్ఫ్ టౌన్ అవుతోంది. ఎండుచేపల పక్కనే బోర్డులు ఆరబెడుతున్నారు.

సంజన మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది. ఎండకి కాలిన ఒళ్లు, జడలో గవ్వలు. చూసినవాళ్లు మళ్లీ చూసే మనిషి.

"ఇక్కడ ఎడమ అల దొరుకుతుందా?" అంది ఇందుమతి.

సంజన ఆమెని ఒక్క క్షణం చూసింది. "ఎడమకి రాళ్లు. కుడికి వెళ్దాం."

ఇద్దరూ బోర్డుల మీద బోర్లా పడుకుని, అలలు విరిగే చోటు దాటేదాకా చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లారు. అక్కడ సంజన లేచి కూర్చుంది. ఒడ్డు మీద ఎరిక్ చిన్న చుక్కలా ఉన్నాడు.

"మైకు ఒక బెండు కింద ఉంది. వలకి కట్టే బెండు లాంటిదే, నారింజ రంగు. ఒడ్డుకి రెండు కిలోమీటర్లు. గస్తీ బోటు కనిపిస్తే ఎరిక్ రిమోట్‌తో దాన్ని ముంచేస్తాడు. అడుగున కూర్చుని వింటూనే ఉంటుంది, ఎవరికీ దొరకదు. చేపల తెప్పలొస్తే పట్టించుకోడు. తవిటయ్య అని ఒకాయన వల దానికే తగిలి చిరిగింది. ఆయనకి చోటు తెలుసు."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజుల కింద. ఫోన్ వాడి దగ్గరే ఉంది, చెప్పే దారి లేదు. అప్పటికి గానీ ఎరిక్ నన్ను నమ్మలేదు." సంజన నీళ్లలోకి చూస్తూ చెప్పింది. "నమ్మకం కోసం నా చేత ఒక పని చేయించాడు, ఇందూ."

ఇందుమతి బోర్డు అంచు పట్టుకుంది.

"ఢిల్లీబాబు ఎవరో వాడికి తెలిసిపోయింది. ఎదుటి ప్లాట్‌ఫామ్ మీద వాడి మనిషి గన్‌తో కూర్చున్నాడు. నేను చెయ్యకపోతే ఇద్దరం పోతాం, ఈ బెండు సంగతి ఎవరికీ తెలీదు. అదే చెప్పాను. ఢిల్లీబాబు కాసేపు ఆలోచించి, చొక్కా చెయ్యి తనే మడిచాడు."

"ఏమన్నాడు?"

"ఇందూకి చెప్పకు అన్నాడు."

"మరెందుకు చెప్పావు?"

"ఎవరో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది."

పెన్ను జేబులో ఉంది. రెండుసార్లు తిప్పితే చాలు. తిప్పాలని గానీ, తిప్పకూడదని గానీ ఇందుమతికి అనిపించలేదు. ఒక అల వచ్చి ఇద్దర్నీ పైకి లేపి దించింది.

"లంచ్ టైమ్ అయింది. వెనక్కి వెళ్దాం," అంది.

ఇందుమతి కన్నమ్మ అనే ఆవిడ పాకలో చేపల వేపుడు తింది. "కారం ఎక్కువైందేటమ్మా?" అని కన్నమ్మ అడిగితేనే కళ్లలో నీళ్లు కారుతున్నాయని తెలిసింది. నాలుకకి కారం తగల్లేదు.

మూడున్నరకి తవిటయ్య తెప్ప దగ్గరికి వెళ్లింది. అరవై ఏళ్ల మనిషి, వల బాగుచేసుకుంటున్నాడు.

"తాతా, సముద్రంలో నారింజ బెండు ఉందట. చూపిస్తావా?"

"అదా? దాన్ని సూసి ఏటి సేత్తావమ్మా? నా వల సింపీసిన దెయ్యమది."

"ఫొటో తీసుకుంటాను."

"ఈ టౌనోళ్ల సరదాలు నాకు తెలీవు గానీ, ఎక్కు."

నాలుగూ పదికి బెండు దగ్గరికి చేరారు. ఇందుమతి వంగి కింద తడిమింది. వేలంత లావు స్టీలు తీగ. కోయడం కుదరదు. లాగితే కదల్లేదు. నాలుగూ పదహారు.

"ఇంజను ఆపీమంటావా అమ్మా? ఈ మోతకి సెవులు పోతన్నాయి."

ఆమె చటుక్కున తలెత్తింది. "వద్దు, ఆపకు! దీని చుట్టూనే తిప్పు తాతా. బాగా దగ్గరగా."

తవిటయ్య వింతగా చూశాడు గానీ తిప్పాడు. ఇంజను పక్కనే ఇంత గోల చేస్తుంటే, దూరంగా వెళ్లే సబ్‌మెరైన్ గుసగుస ఏ మైక్రోఫోన్ పట్టుకుంటుంది? నాలుగూ ఇరవై దాటింది. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

ఇంజను దగ్గి ఆగిపోయింది.

తవిటయ్య తాడు లాగాడు. మళ్లీ లాగాడు. సముద్రం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఇందుమతి తెడ్డు అందుకుని తెప్ప పక్కని బాదింది. చేపల్ని బెదిరించి వలలోకి తోలడానికి బాదినట్టు. ధన్. ధన్. ధన్. అరచేతులు చిట్లాయి. ఎప్పుడు మొదలైందో తెలీదు, గొంతు చించుకుని అరుస్తోంది కూడా. ఆ అరుపుకి సబ్‌మెరైన్‌తో సంబంధం లేదు. మైకుకి వినపడాల్సిన అవసరమూ లేదు. ఢిల్లీ, ఢిల్లీ అని అరుస్తోంది. ఆ మాట ఆమె చెవులకి వేరే ఎవరి గొంతులోనో వచ్చినట్టు వినిపించింది.

తెడ్డు రెండు ముక్కలైంది. నాలుగూ ఇరవై ఏడు.

అప్పుడు ఒడ్డువైపు నుంచి ఇంకో మోత వచ్చింది. జెట్ స్కీ. ఎరిక్ నీళ్లు చిమ్ముకుంటూ దూసుకొచ్చి, తెప్ప చుట్టూ రెండుసార్లు తిరిగి, పిస్టల్ చూపిస్తూ ఇంగ్లీషులో కేకలేశాడు. దూరంగా పొమ్మంటున్నాడు. అతని కింద ఇంజను గర్జిస్తూనే ఉంది.

ఇందుమతి వాచీ చూసుకుంది. చేతులు పైకెత్తింది. ఏమీ అర్థంకాని టూరిస్టులా ఏడుపు ముఖం పెట్టి, ఇంగ్లీషులో పొంతనలేని మాటలు మాట్లాడింది. బెండు ఫొటో కోసం వచ్చామంది. తాతది తప్పు లేదంది. ఎరిక్ ఇంకా గట్టిగా అరిచాడు. ఇంజను ఇంకా మోగింది. వాచీలో ముల్లు నాలుగున్నర దాటేదాకా వాగుతూనే ఉంది.

తర్వాత మామూలు గొంతుతో చెప్పింది. "ఎరిక్, ఇంక ఇంజను ఆపుకోవచ్చు. పని అయిపోయింది."

అతను బెండు వైపు చూశాడు. తను కూర్చున్న యంత్రం వైపు చూశాడు. ముఖం తెల్లబడింది. పిస్టల్ ఆమె గుండెకి గురిపెట్టాడు.

గాలిలో వల విచ్చుకుంది. తవిటయ్య విసురు వల గొడుగులా తెరుచుకుని ఎరిక్ మీద పడింది. ముసలాయన ఒక్క గుంజు గుంజాడు. గుండు ఆకాశంలోకి పోయింది, ఎరిక్ నీళ్లలోకి పోయాడు.

ఇందుమతి ట్యూబు అడుగు నొక్కి, తెప్పలో కూలబడింది. అరచేతుల నుంచి రక్తం కారుతోంది.

"అంతలా బాదీసినావేటమ్మా?" అన్నాడు తవిటయ్య, వల తాడు కాలి కింద తొక్కిపెట్టి. "సేపలన్నీ ఒరిస్సా ఎల్లిపోయుంటాయి."

ఒడ్డున సంజన చేతులకి బేడీలున్నాయి. ఎరిక్ వెనక ఉన్నవాళ్లు ఆమెని ఇంకా తమ మనిషే అనుకోవాలి. జీపు ఎక్కే ముందు ఇందుమతి పక్కన ఆగింది.

"స్క్రీన్ మీద గోల చూసి ఎరిక్‌కి మతిపోయింది. నువ్వే వెళ్లి తరిమెయ్ అని పంపింది నేనే," అంది. ఆగి, "నన్ను ఏమీ అనవా?" అంది.

"అంటాను. ఎప్పుడో తెలీదు. ఇంకా నాకేమీ అనిపించడం లేదు."

సంజన తలూపింది. జీపు కదిలింది. ఇందుమతి పెన్ను తీసి నారాయణరావు చేతిలో పెట్టింది. ఆయన క్యాప్ చూసి, తిప్పలేదని గమనించి, ఏమీ అడగకుండా జేబులో పెట్టుకున్నాడు.

"శాంక్షన్ చేయించాను," అన్నాడు. "రెండు వారాలు సెలవు. నా మాట విని ఎక్కడికైనా వెళ్లు ఇందూ. ఒక్కదానివే, ప్రశాంతంగా, ఏదైనా బీచ్‌కి."

ఇందుమతి చెవిలోంచి చిటికెడు ఇసుక దులుపుకుంది.

"కొండలున్న ఊరేదైనా చూడండి సార్."