దప్పికోడి కుప్ప

కొమరోలు నుంచి చంద్రశేఖరపురం దిక్కుకు అడ్డంగా నడిచిపోయేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? గొర్రెల కాపరులు తప్ప. వాళ్ళు కూడా దప్పికోడి కుప్ప పేరు చెబితే బీడీ ఆర్పేసి లేస్తారు. కంపచెట్ల నడుమ ఛాతీ ఎత్తు రాళ్ళకుప్ప అది. ఎప్పుడో ఒక బాటసారి నీళ్ళు నీళ్ళంటూ అక్కడే ప్రాణం విడిచాడట. ఇప్పటికీ పొద్దుగూకితే అడుగుతాడట. బదులు పలికావో... నీ గొంతులో తడీ వాడిదే, ప్రాణమూ వాడిదే. అందుకని ఆ దారిన పోయేవాళ్ళు నోరు మెదపకూడదు. ఒక రాయి తీసి కుప్ప మీద వేసి, వెనక్కి చూడకుండా పోవాలి.

నవ్వేవాళ్ళు నవ్వండి. పగటిపూట నేనూ నవ్వినవాణ్ణే.

మొన్న మే నెలలో మా ఊరి ఎర్రయ్య తమ్ముడు మహేంద్ర కుక్కను వెంటబెట్టుకొని, అరవై గొర్రెలను తోలుకొని ఆ దారినే పోయాడు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచ్ ఆఫ్. తెల్లారేసరికి ఊళ్ళో కుర్రాళ్ళు బైకులేసుకొని రోడ్ల వెంట వెతకడానికి పోయారు. బైకు పోని అడ్డదారి ఎర్రయ్య ఒక్కడి పాలబడింది.

మహేంద్ర భార్య ఉమ నిండు చూలాలు. రెండు లీటర్ల సీసా నిండా నీళ్ళు పోసి చేతికిస్తూ, "బావా, ఆయన్ని ఎంటబెట్టుకొనే రా. ఒక్కడివే రాబాక" అన్నది.

ఎర్రయ్య తలూపాడు. నాయన పోయినప్పుడు మహేంద్రకు ఐదేళ్ళు. అప్పటినుంచీ వాణ్ణి సాకింది ఎర్రయ్యే. పేరుకు తమ్ముడు గానీ, కొడుకే.

ప్రతి వంకలోకీ దిగాడు, ప్రతి కంప వెనకా చూశాడు. "ఒరేయ్ మహేంద్రా..." అని అరుస్తూనే ఉన్నాడు. పది గంటలకే నేల పెనంలా కాలింది. పన్నెండింటికి సీసా ఖాళీ. దోవలో ఒక బోరు కనిపిస్తే పరిగెత్తాడు... కరెంటు లేదు. గొట్టానికి నోరు పెట్టి పీల్చాడు, తుప్పు తగిలింది. మూడింటికల్లా నాలుక అంగిలికి అతుక్కుపోయింది. అయినా అరుపు ఆపలేదు. ఆపితే వాడు లేడని ఒప్పుకున్నట్టే కదా!

పొద్దుగూకుతుండగా ఈగల మోత వినపడింది.

మహేంద్ర కుక్క. తల రెండుగా పగిలి ఉంది. చుట్టూ అంతా పలకరాతి నేల, ఒక్క అడుగు జాడ లేదు. మనిషి కొట్టిన దెబ్బలా అనిపించలేదు ఎర్రయ్యకు. తలెత్తి చూస్తే, ఎదురుగా అదే... దప్పికోడి కుప్ప.

పొద్దున్నుంచీ తమ్ముణ్ణి పిలిచిన నోరు అక్కడ మూతపడింది. ఎర్రయ్య రాయి తీసుకున్నాడు. కుప్ప మీదికి విసిరాడు.

లోపలినుంచి మూలుగు.

ఒక రాయి జారింది... ఇంకోటి. సందులోంచి చెయ్యి బయటికొచ్చింది. బూడిదరంగు చెయ్యి, గడ్డకట్టిన నెత్తురు. వేళ్ళు గాలిని పట్టుకోబోతున్నాయి.

"నీ...ళ్ళు..."

పారిపోవలసిందే. కట్టుబాటు అదే. కానీ ఎర్రయ్యకు భయం కంటే ముందు కోపం వచ్చింది. కుక్కను చంపింది ఇదే. వాణ్ణి మింగింది ఇదే. అరవై గొర్రెలు మింగినా పోనీ, వాణ్ణి మింగుతుందా! పళ్ళు బిగించి, కిక్కురుమనకుండా, దొరికిన రాయల్లా దొరికినట్టు విసిరాడు. చెయ్యి లోపలికి పోబోయింది. పోనివ్వలేదు. రెండు చేతులా ఒక బండ ఎత్తి దాని మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు... కీచుమని ఒక్క కేక. మళ్ళీ ఎత్తి వేశాడు. వేళ్ళు కదలడం మానేదాకా వేశాడు.

తర్వాత వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

రెండు మైళ్ళ అవతల మొదటి ఇల్లు సౌభాగ్యమ్మది. ఆ ముసలామె చెంబు నిండా నీళ్ళిచ్చింది. కొడుకు ఏబేలు మంచం వాల్చాడు. ఎర్రయ్య గటగటా తాగి, అంతా చెప్పి, "మా తమ్ముణ్ణి మింగిందాన్ని నేనే చంపినా అవ్వా" అని బావురుమన్నాడు.

సౌభాగ్యమ్మ ముఖం పాలిపోయింది.

"దయ్యమా? యాడి దయ్యం నాయనా! అయి మా మామ చేన్లో ఏరేసిన రాళ్ళు. గొర్రెలోళ్ళు పైరు మీదికి రాకుండా ఆ కత పుట్టించింది గూడ ఆయనే. నేను కాపరానికి వచ్చినప్పుడు ఆ కుప్ప మోకాలెత్తు గూడ లేదు."

ఏబేలు మెల్లగా లేచాడు. "మరి... నీళ్ళడిగిందెవురన్నా?"

ఎర్రయ్య చేతిలో చెంబు కిందపడింది.

కుప్ప దాకా ఇటువైపు నుంచి ట్రాక్టరు పోతుంది. లైట్ల వెలుగులో ఎర్రయ్య గోళ్ళు ఊడేలా రాళ్ళు లాగాడు. ఏ రాయి ముందే ఉన్నదో, ఏది తాను వేసిందో తెలియదు. ముందు చెయ్యి దొరికింది. అది చెయ్యిలా లేదు. ఆ తర్వాత భుజం. ఆ తర్వాత, దెబ్బలకు వాచి గుర్తుపట్టలేని ముఖం...

ఊపిరి ఉంది.

ఎర్రయ్య తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకొని చుక్క చుక్కగా నీళ్ళు పోశాడు. చాలాసేపటికి మహేంద్ర కన్ను తెరిచాడు.

"అన్నా... వచ్చినావా..."

"వచ్చినా నాయనా. మాట్లాడబాక."

"దొంగలు... గొర్రెల్ని వ్యానులో ఎక్కించుకొని పోయినారు. నేను సచ్చినాననుకొని రాళ్ళేసినారు. దానికి భయపడలేదన్నా, నువ్వొస్తావని తెలుసు..." ఊపిరి అందక ఆగాడు. "పొద్దుగూకినాక దయ్యం వచ్చింది."

ఏబేలు తల దించుకున్నాడు.

"నీళ్ళడిగినా. ఒక్క మాట మాట్లాడలేదు. కొడతానే ఉండాది..." బాగున్న చేత్తో అన్న చొక్కా పట్టుకున్నాడు. "మళ్ళా వస్తాదేమో. నన్నొదిలి పోబాక అన్నా."