మేస్త్రికి పెట్టిన బట్టలు

"ఎలక్ట్రీషియన్ గారు ఎనకాల వత్తన్నారా?"

ప్రవల్లికతో నేను మాట్లాడిన మొదటి మాట ఇది. ఆ తర్వాత కూడా తెలివితక్కువ మాటలు చాలానే మాట్లాడాను గానీ, దీని స్థాయి వేరు.

ఆమె స్కూటీకి స్టాండు వేసింది. హెల్మెట్ తీసింది. వెనక కట్టిన టూల్ బ్యాగు విప్పుతూ నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"వచ్చేసారండి. మీ ఎదరే నిలబడున్నారు. మీకే అవుపడతన్నట్టు లేదు."

అరుగు మీద కూర్చున్న తాత పకపకా నవ్వాడు. తాత నవ్వి నెల దాటింది.

దానికి కారణం మా ఇల్లే. జలంత్రకోటలో మాది రాతి ఇల్లు. మా తాత బంగారయ్య వయసులో ఉన్నప్పుడు రాయి మేస్త్రి. టెక్కలి వైపు కొండల నుంచి బళ్ల మీద రాయి తోలించుకుని, మూడు వేసవులు పట్టి తన చేతులతో కట్టుకున్నాడు. తిత్లీ తుపానుకి మా కొబ్బరితోట సగం కూలిపోయింది. వీధిలో రేకులన్నీ ఎగిరిపోయాయి. ఈ గోడల్లో మాత్రం ఒక్క రాయి కదల్లేదు. ఆ సంగతి తాత రోజుకొకసారి చెబుతాడు, మేము రోజూ వింటాం.

గోడలు గట్టివే, వచ్చిన చిక్కల్లా వైరింగుతో. ఎప్పుడో చెక్కపట్టీల మీద లాగిన వైర్లు. వానకి గోడ తడిస్తే చాలు, ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. ఈ ఏడు తొలి వానకి అమ్మకి గట్టిగానే షాక్ కొట్టింది. ఆ రోజే అమ్మ తేల్చి చెప్పేసింది.

"వానలు ముదిరేలోపు ఈ వైరింగు బాగవ్వాల మావా. నేదంటే ఇల్లు పడగొట్టి స్లాబు ఏయిద్దాం. నాను రోజూ పేణాలు అరచేతిలో పెట్టుకుని వంట సెయ్యలేను."

అమ్మ మాటలో తప్పు లేదు. తాత ఆ పూట అన్నం ముట్టలేదు.

అంతకుముందు ఇద్దరు వైర్‌మెన్లు వచ్చారు. ఒకడు రాళ్లకి మెషిన్ పెట్టి గాడి కొడతానన్నాడు. ఇంకొకడు గోడల నిండా తెల్ల ప్లాస్టిక్ పైపులు బిగిస్తానన్నాడు. తాత ఇద్దర్నీ గుమ్మంలోంచే పంపించేశాడు. మూడో మనిషి ఈమె. ఊరు డొంకూరు. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు. ఐటీఐ చదివి, ఇచ్ఛాపురంలో ఒక మేస్త్రి కింద నాలుగేళ్లు చేసి, ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టింది. తన పేరు మీద ఒక ఇల్లంతా చెయ్యడం ఇదే మొదలు.

లోపలికి వచ్చి బ్యాగు కింద పెట్టింది. డ్రిల్లు బయటికి తియ్యలేదు. గోడ మీద అరచెయ్యి వేసి, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, తాత ముందుకొచ్చి నిలబడింది.

"తాతా, ఈ గోడ కట్టింది నువ్వేనంట కదా. రాళ్ల మధ్య సున్నం సందులు ఎటునుంచి ఎటెల్తన్నాయో కట్టినోడికే తెలుత్తాది. సెప్తావా?"

ముందొచ్చిన ఇద్దరూ తాతని ఏమీ అడగలేదు. మోకాళ్ల నొప్పులని అరుగు దిగని మనిషి టక్కున లేచి నిలబడ్డాడు.

"సందులెందుకే అమ్మీ?"

"రాయికి ఒక్క దెబ్బ తగలకుండా సందులో సున్నం గోకి, పైపు లోపలెట్టేసి, మళ్లీ సున్నమే పూసేద్దాం. పని రెట్టింపవుద్ది. అవనీ."

"సున్నం ఎవడు కలుపుతాడే? ఈ కాలపోళ్లకి సిమెంటు తప్ప ఏటి తెలుసు?"

"నువ్వున్నావు కదా."

తాత నా వైపు తిరిగాడు. "ఒరే ఉమా! పలాసలో నీ జీడిపప్పు బేరం పది రోజులు ఆగినా కొంప ములగదు. ఈ ఆడగుంటకి నిచ్చెన పట్టుకో."

అలా ఉమామహేష్ అనే నేను హెల్పర్‌నయ్యాను.

ఆ పది రోజులూ ఆమె నిచ్చెన పైన, నేను కింద. నా తల మీద సున్నం పొడి కురుస్తూనే ఉండేది.

"ఏటండి, కదిపేత్తన్నారు? నిచ్చెన పట్టుకున్నారా, ఊపతన్నారా?"

"కళ్లలో సున్నం పడిందండి."

"పైకి సూడమని ఎవలు సెప్పారు?"

నేను నిచ్చెన ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

సందులన్నీ వంకర టింకర. పైపులోకి వైరు నెడితే సగంలోనే ఆగిపోయేది. అప్పుడు బ్యాగులోంచి వాళ్ల నాన్న గేలపు తాడు తీసేది. గట్టి నైలాన్ తాడు. ముందు దాన్ని పైపులో దూర్చి, కొసకి వేటోళ్ల ముడి వేసి వైరు కట్టి అటునుంచి లాగేది. ఒక్క ముడీ జారలేదు. ఆ ముడి వేసే వేళ్లని చూస్తూ నేను రెండుసార్లు అన్నం మాట మర్చిపోయాను. ఆమె పని చేస్తుంటే నాకెందుకో గర్వంగా ఉండేది. నేను చేసింది ఏమీ లేకపోయినా సరే.

తొమ్మిదో రోజు వంటగది గోడ దగ్గర పని ఆగిపోయింది. రెండు మూరల మందం. అటు దాటే సందు ఒక్కటీ లేదు. మధ్యాహ్నం దాకా వెతికి, చతికిలబడిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయింది. మేఘాలు కమ్ముకొస్తున్నాయి.

నాకు జాలేసింది. "పోనీ డ్రిల్లు పెట్టేయండి. సిన్న బొక్కే కదా. తాతకి తెలకుండా నాను సూసుకుంటాను," అన్నాను మెల్లగా.

ఆమె మొహం ఎర్రబడింది. "మాటిచ్చింది నాను. మీరు కాదు. నా మొదటి పనికి దొంగతనం అంటగట్టకండి."

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఉదయం వచ్చీ రాగానే తాత పక్కన కూర్చుంది. "తాతా, ఇంత ఎత్తు గోడ ఎలగెక్కి కట్టావు?"

"సారువ కట్టి. కర్రలేసుకుని, దాని మీద బల్లేసుకుని."

"ఆ కర్రలు దేనికి దూర్చావు?"

తాత తొడ మీద చరుచుకున్నాడు. "గోడకే! ఇటునుంచి అటు! ఇల్లయ్యాక కర్రలు లాగేసి బొక్కలు సిల్లరాళ్లతో మూసేసినాను. వంటింటి గోడకి నాలుగున్నాయే అమ్మీ! నా మతి మండా!"

ఇద్దరూ గోడ మీద సుత్తితో చిన్నగా కొట్టుకుంటూ వెళ్లారు. ఒకచోట చప్పుడు మారింది. ఆమె సున్నం గోకి చిల్లరాళ్లు లాగుతుంటే, నేను వంటగదిలో అటువైపు నుంచి లాగాను. ఆఖరి రాయి రాగానే బొక్కలోంచి వెలుగు వచ్చింది. వంగి చూశాను. అటు కొసన నవ్వుతున్న కన్ను.

"ఎవలది?" అంది గోడ అవతల నుంచి.

"హెల్పర్‌నండి. నిన్నటి మాటకి తప్పయిపోయింది."

"సరే. తాడందుకోండి."

ఆ తాడు కొస పట్టుకున్నాక ఇక వదల్లేనని నాకు తెలిసిపోయింది.

రెండు రోజుల తర్వాత వాన దంచి కొట్టింది. గోడలు తడిశాయి. ముందు ప్రవల్లికే తడిగోడ మీద చెయ్యి వేసి, ఫ్రిజ్ పట్టుకుని, ఆ తర్వాతే అమ్మని పిలిచింది. అమ్మ కళ్లు మూసుకుని వేలు ఆనించింది. తర్వాత చెయ్యంతా ఆనించింది.

"ఏటీ కొట్టనేదు మావా!"

తాత తన గోడంతా తడిమి వెతికాడు. ఎక్కడ తవ్వారో, ఎక్కడ పూశారో ఆయనకే తెలియలేదు. "ఈ ఇంటికి నా తర్వాత మేస్త్రివి నువ్వేనే," అన్నాడు. స్లాబు మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

పని ముగిసిన రోజున మేస్త్రిని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. బట్టలు కొనమని అమ్మ నాకు ముందే పురమాయించింది. పలాస కొట్లో "మేస్త్రికి" అన్నాను. వాడు కట్టిచ్చాడు. నేను విప్పి చూడలేదు.

అమ్మ విప్పింది. పంచె, కండువా.

"ఇదేట్రా? ఆడపిల్లకి పంచెడతావా?"

బండి తీసి సోంపేట పరిగెత్తాను. జీడిపప్పు గింజ చూడగానే రకం చెప్పే నేను, చీర ఎంచుకోవడానికి గంటన్నర తీసుకున్నాను. జీడిపండు రంగు చీర దొరికింది.

పళ్లెంలో పంచె, దాని మీద చీర. అమ్మ బొట్టు పెడుతుండగా పక్కింటి రత్నాలమ్మ వచ్చింది.

"ఓలమ్మ భారతీ! పెళ్లికాని గుంటని పీటేసి కూకోబెట్టి, బొట్టెట్టి, సీర పెట్టేత్తన్నావు! మాటలైపోయేయేటి? మాకు సెప్పనేదు!"

ప్రవల్లిక చీరని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఈ సీర ఎవలు కొన్నారు?"

"నాను."

"పంచె బాగోదనా?"

అవునంటే సరిపోయేది. కానీ దొంగదారి మాట ఆ మనిషి దగ్గర ఒకసారి ఎత్తి చూశాను కదా, డ్రిల్లు రోజున.

"కాదు. నువ్వంటే నాకిష్టం. అందుకని."

మొదటిసారి నువ్వు అన్నాను.

ఆమె చీర తీసి అమ్మ చేతిలో పెట్టేసింది. పంచె, కండువా మాత్రం రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది.

"ఇవి నా పనికి పెట్టినవి. నాను సంపాదించుకున్నాను. పంచైతే ఏటి? మా నాన్న ఇన్నేళ్లు సముద్రం మీద కట్టపడ్డాడు, ఆయన్ని ఒక్కలు పీటేసి కూకోబెట్టనేదు. మేస్త్రి బట్టలని సెప్పి ఆయనకి కడతాను."

బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది. అప్పటికి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"సీర ఇలగ పనిలో పనిగా ఇచ్చేది కాదు. డొంకూరు పట్టుకుని రా. తాతనీ అమ్మనీ తీసుకుని రా. మా నాన్నని అడుగు."

వెళ్లిపోయింది. అమ్మ చీర మడత సర్ది పళ్లెంలో పెట్టింది. "రంగు బాగుంది," అంది. తాత అప్పటికే చొక్కా వెతుక్కుంటున్నాడు. ఆదివారం దాకా ఆపడం కష్టమైంది.

తాత, అమ్మ, నేను చీర పట్టుకుని వెళ్లేసరికి డొంకూరులో వల బాగుచేసుకుంటూ ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మడత నలగని కొత్త పంచె, భుజాన కండువా. ఈసారి నేను మాట జాగ్రత్తగా ఎంచుకున్నాను.

"ఎలక్ట్రీషియన్ గారి ఇల్లు ఇదేనాండి?"

ఆయన వల పక్కన పెట్టి లేచాడు. కండువా సర్దుకుని, వీధంతా వినబడేలా చెప్పాడు.

"ఇదే బాబూ. నా కూతురే."