చెప్పులు విప్పించే దెయ్యం

సూళ్లూరుపేటలో పులికాట్ సరస్సు ఉప్పుగాలి నేరుగా తగిలే సందు ఒకటుంది. దాని చివర మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్. చీకటి పడ్డాక అటు పోవద్దని ఎవరినడిగినా చెబుతారు. అందులో దెయ్యం ఉంది. అది జుట్టు విరబోసుకోదు, రక్తం తాగదు... చెప్పులు విప్పమంటుంది.

నవ్వకండి. తాళం వేసిన గదిలోంచి, పోయిన మనిషి గొంతు — "దయచేసి... చెప్పులు... బయట వదలండి" — అంటే మీరేం చేస్తారు? మా ఓబయ్య అక్కడికక్కడే విప్పేసి పరుగు లంకించుకున్నాడు. కొత్త చెప్పులు. ఇప్పటికీ తెచ్చుకోలేదు.

ఆ గొంతు సెంటర్ నడిపిన రంగనాయకులుది. శుభ్రమంటే ఆయనకి ప్రాణం. ఆయన పోయాక గది సొంతదారు హెబ్రోను గారు తాళం వేశాడు గానీ, కరెంటు ఆపలేదు. మెయిన్ స్విచ్చి లోపలుంది మరి, ఎవరెళ్తారు?

ఎదురింటి ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఎండుచేపలకి తెచ్చుకున్న రాళ్ళుప్పు గుప్పెడు తీసి, ప్రతి అమావాస్యకీ ఆ గదికి దిష్టి తీసి, విరిగిన కిటికీలోంచి లోపలికి విసిరేది. దెయ్యం తగ్గలేదు సరికదా, ముదిరింది. ఎప్పుడో ఒకసారి పలికేది కాస్తా, తడిగాలి వీచిన ప్రతి రాత్రీ పలకసాగింది. దాంతో ముసలమ్మ రెండు గుప్పిళ్ళకి పెంచింది.

ఇక డెబోరా. హెబ్రోను గారి కూతురు. కంప్యూటర్ల రిపేరు నేర్చుకుంది, సొంతూళ్ళోనే షాపు పెట్టాలని పిచ్చి ఆశ. తండ్రేమో చెన్నైలో ఉద్యోగం చూసిపెట్టాడు.

"ఆ గది నాకియ్యి నాయనా."

"ఒక్క రాత్రి దాంట్లో ఉండి రా, ఇచ్చేస్తా. లేకుంటే సోమవారం రైలెక్కు."

ఆదివారం ప్రార్థనలో దెయ్యాలు లేవని గట్టిగా చెప్పే ఆయన కూడా ఆ సందు తప్పించే నడుస్తాడు. కూతురు ఒప్పుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. ఆమె ఆ రాత్రే వెళ్ళింది.

తర్వాత జరిగింది డెబోరా నాకు చెప్పిందే.

లోపల సాలెగూళ్ళు. కిటికీ కింద బల్ల మీద ఒకే ఒక్క పాత కంప్యూటర్. వేడెక్కకుండా ఉంటుందని రంగనాయకులు దాని మూత తీసే ఉంచేవాడు. లోపలంతా దుమ్ము గొంగళిలా పేరుకుంది. డెబోరా టార్చి ఆర్పి కూర్చుంది. ఏమీ లేదు... ఏమీ లేదు...

సరస్సు మీంచి గాలి వచ్చింది. చల్లగా, జిగటగా.

టిక్.

చీకట్లో పచ్చటి దీపం. ఏదో గుర్రుమంది... ఆగింది... మళ్ళీ గుర్రుమంది.

"దయచేసి... చెప్పులు..."

"విప్పేస్తుండానన్నా... విప్పేస్తుండా!" అని గొణుగుతూ రెండు చెప్పులూ కిటికీలోంచి బయటికి విసిరేసింది. తలుపు దాకా పరిగెత్తింది కూడా. గడప దాటితే చెన్నై. ఆగిపోయింది.

అప్పుడు వినపడింది — ఆ గుర్రు తెలిసిన గుర్రే! దుమ్ము పట్టిన ఫ్యాను.

ప్లగ్గు పీకి, టార్చి వేసి చూసింది. బోర్డు నిండా ఉప్పు! కంప్యూటర్ ఆన్ చేసే బటన్ తీగలు తగిలే రెండు పిన్నుల మధ్య పచ్చటి చిలుము. తడిగాలికి ఆ ఉప్పు చెమర్చి రెండింటినీ కలిపేస్తోంది, ఎవరో బటన్ నొక్కినట్టే. కంప్యూటర్ లేవగానే పలకాలని రంగనాయకులు తన గొంతే రికార్డు చేసి పెట్టుకున్నాడు. మొదట్లో సరస్సు ఉప్పుగాలికి ఎప్పుడో ఒకసారి లేచేది; ఇప్పుడు ముసలమ్మ వెళ్ళగొడుతున్న దెయ్యాన్ని లేపుతున్నది ముసలమ్మే!

డెబోరా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే బ్రష్షుతో దుమ్ము దులిపి, పాత టూత్‌బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి చిలుము పోయేదాకా రుద్దింది. ఆరాక ప్లగ్గు పెట్టి కూర్చుంది. గాలి ఎంత తడిగా వీచినా ఒక్క మాట లేదు. తెల్లారుతుండగా తనే బటన్ నొక్కింది.

"దయచేసి చెప్పులు బయట వదలండి."

"ఎప్పుడో వదిలేసినానన్నా!"

సోమవారం రైలెక్కలేదు. షాపు తెరిచింది. హెబ్రోను గారు చెప్పులు బయట వదిలి మరీ లోపలికొచ్చాడు. బల్ల మీద మొదటి గిరాకీ, ఎవరిదో కొత్త కంప్యూటర్, మూత తీసి ఉంది. ఉప్పు సంగతి ముసలమ్మ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలా అని డెబోరా ఆలోచిస్తుండగానే, ఆవిడే ముసిముసిగా నవ్వుతూ వచ్చింది.

"దెయ్యం పోయిందంట గదా పాపా. మళ్లా రాకుండా..."

బల్ల మీదికి వంగి రెండు గుప్పిళ్ళూ విప్పింది.

ఇన్నేళ్ళలో ఆ గదిలోంచి గుండెలవిసేలా కేక వినపడింది మాత్రం ఆ రోజే. అదీ పట్టపగలు.