ఆమె జబ్బుకు ఆయన జవాబులు

ఇస్త్రీ బల్ల మీద ఒరిగిపోతున్న ఆమెను ఎవరూ పట్టుకోలేదు... ముందు ఇస్త్రీపెట్టెను పట్టుకున్నారు. అప్పటికే లాడ్జివాళ్ళ దుప్పటి మీద గోధుమరంగు మచ్చ పడిపోయింది. అత్తగారు ఆ మచ్చను గోటితో గీకి చూసి, "కొత్త దుప్పటిరా," అని కొడుకుతో అంది. ఆ తరవాతే కోడలి మొహాన నీళ్ళు చల్లింది!

ఆ ఇల్లే లాండ్రీ. ముందు గదిలో మూటలు, వెనక గదిలో ఇస్త్రీ బల్లలు, డాబా మీద తీగలు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి తడి దుప్పట్లను డాబా మీదికి మోసింది ఆమే. మూటలు తేవడం, ఇచ్చిరావడం, దారిలో కబుర్లు చెప్పడం ఆమె భర్త పని. కొన్నాళ్ళుగా మెట్లెక్కుతుంటే ఆమెకు గుండె గొంతులోకి వచ్చినట్టయ్యేది. సగం మెట్ల మీద బుట్ట దించి, తడి బట్టలకే తల ఆనించి కూర్చునేది. పడుకుంటే ఊపిరాడక గోడకు దిండు చేర్చుకుని కూర్చునే నిద్రపోయేది. ఒకసారి ఆయనకు మెలకువ వచ్చి చూశాడు. "దయ్యంలా ఆ కూర్చోడం ఏమిటి, పడుకో," అని అటు తిరిగి మళ్ళీ గురక పెట్టాడు.

పడిపోయిన మర్నాడు ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడ డాక్టర్ని చూడడానికి ముందు ఒక కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అది మనిషిలాగే ప్రశ్నలు అడుగుతుంది. జవాబులు విని, జబ్బు ఏమై ఉంటుందో, ఏ పరీక్షలు చెయ్యాలో డాక్టరుగారికి సలహా ఇస్తుంది. నర్సు ఆమెకు కుర్చీ చూపించింది. ఆ కుర్చీ లాక్కుని ఆయన కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది.

"మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుందా?" అని అడిగింది కంప్యూటర్.

"అదేం లేదు. పొద్దస్తమానం డాబా ఎక్కి దిగుతూనే ఉంటుంది."

"పడుకుంటే ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంటుందా?"

"శుభ్రంగా నిద్రపోతుంది."

ఆమె ఆయన మెడ వెనక భాగం చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి చూడలేదా? చూశాడు. చూసింది మరిచిపోయాడా? దాచిపెట్టడానికైనా కాస్త గుర్తుండాలి కదా... అంతపాటి గుర్తు కూడా లేదు!

"కాళ్ళు వాస్తున్నాయా?"

"నిలబడి పనిచేసేవాళ్ళకి ఎవరికి వాయవు?"

"అంటే వాపు ఉందా?"

"లేదని రాసుకో."

"సార్, ఆవిణ్ణి చెప్పనివ్వండి," అంది నర్సు.

"ఆవిడకి ఇలాంటివి తెలీవమ్మా. నేను చెబుతున్నాగా."

పెళ్ళికి ముందు ఆమె తరఫున తండ్రి మాట్లాడేవాడు, పెళ్ళయ్యాక ఈయన. చెప్పుల దుకాణంలో కూడా చెప్పులు ఆమె కాళ్ళకు సరిపోయాయో లేదో ఆయనే చెప్పేవాడు.

డాక్టర్ తెర వైపు చూశాడు. అలసట, రక్తం కాస్త తక్కువ, బలానికి మాత్రలు, విశ్రాంతి. గది బయట జనం తోసుకుంటున్నారు. స్టెతస్కోపు డాక్టర్ మెడలోనే ఉండిపోయింది.

మాత్రలు ఇంటికి వచ్చాయి, విశ్రాంతి రాలేదు. అలాగే నెలలు గడిచాయి. ఆమె కాస్త కూలబడితే చాలు, "కంప్యూటరే చెప్పింది నీకేం లేదని," అనేవాడు భర్త. అత్తగారు పక్కింటావిడతో, "ఇదివరకు నేను చెబితే గయ్యాళినన్నారు. ఇప్పుడు మిషనే చెప్పింది, మా కోడలి రోగం బద్ధకమని," అని నవ్వేది. ఆమె ఆ నవ్వు వింటూనే దుప్పట్లు మడత పెట్టేది. భర్త మీదా, ఆ నవ్వు మీదా అసహ్యం వేసేది.

కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తూ ఊరికి అటు చివర కాపురముంటున్న కూతురు ఒక మధ్యాహ్నం వచ్చింది. తల్లి పాదం మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పడినట్టే ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఏం లేదులేవే. ఆస్పత్రిలో చూశారుగా."

"ఈ పాదం చూశారా?"

"అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"నాన్న చెప్పారు."

కూతురు లేచి బయటికి వెళ్ళింది. ఆటో పిలిచింది. అదే ఆస్పత్రిలో అదే కుర్చీలో తల్లిని కూర్చోబెట్టి, తను దూరంగా నిలబడింది.

"మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుందా?"

"లేదమ్మా, బాగానే ఉన్నాను," అంది ఆమె.

"అమ్మా, నాన్న ఇంట్లోనే ఉన్నాడు అనుకున్నాను. నీ నోట్లో కూర్చుని వచ్చాడా?" అంది కూతురు.

ఆమెకు ఒళ్ళు జలదరించింది. అసహ్యం... భర్త మీద కాదు, ఈసారి తన నాలుక మీద! ఇన్నేళ్ళుగా ఆయన చెప్పే అబద్ధాలు దాని మీదే కాపురం పెట్టాయి. ఆమె కళ్ళు తుడుచుకుని మొదటి నుంచి చెప్పింది. మెట్ల మీద దించిన బుట్ట గురించి, గోడకు చేర్చిన దిండు గురించి, నురగ కలిసిన దగ్గు గురించి. కంప్యూటర్ మధ్యలో అడ్డు రాలేదు, ఆవలించలేదు, అటు తిరిగి పడుకోలేదు. ప్రాణం లేని పెట్టె ఒకటి తన మాట చివరిదాకా విన్నదని తోచేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు.

తెర ఎర్రబడింది. గుండె జబ్బు కావచ్చు, వెంటనే స్కాన్ చెయ్యాలని రాసి ఉంది. ఈసారి స్టెతస్కోపు మెడలోంచి దిగింది. సాయంత్రానికి స్కాన్ ఫలితం వచ్చింది.

"గుండెలో కవాటం ముడుచుకుపోయింది. ముందే వచ్చి ఉంటే ఛాతీ కొయ్యకుండానే వెడల్పు చేసేవాళ్ళం. ఇప్పుడు లోపల రక్తం గడ్డకట్టింది. పెద్ద ఆపరేషన్ తప్పదు," అన్నాడు డాక్టర్.

"ముందే వచ్చిందండీ. మీ దగ్గరికే," అంది కూతురు.

డాక్టర్ పాత వివరాలు తెరిచాడు. "ఇందులో ఆయాసం లేదని ఉందమ్మా."

"జబ్బు ఉన్నది అందులోనా, ఈవిడలోనా?"

డాక్టర్ ఆ పాత వివరాలు మూసేశాడు. కబురు తెలిసి వచ్చిన భర్త దగ్గర మాత్రం జవాబు ఉంది. "దిక్కుమాలిన మిషను. అప్పుడొకటి చెప్పింది, ఇప్పుడొకటి చెబుతోంది," అన్నాడు. ఎవరూ తలూపలేదు. అప్పుడు ఏడ్చాడు. మంచం చివర కూర్చుని ఆమె పాదాలు పట్టుకున్నాడు. లేదని రాసుకోమన్న వాపు మీద ఆయన కన్నీళ్ళు పడ్డాయి. తడి దుప్పటి తగిలినట్టు ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఆపరేషన్‌కు ముందు నర్సు చేతిలో పట్టేంత తెర ఒకటి తెచ్చి ఆమె మంచం మీద పెట్టింది. తరవాత ఆమెను ఇంటికి పంపాలా, కోలుకునేవాళ్ళ వార్డులో ఉంచాలా అన్నది అదే సలహా చెబుతుంది.

"ఇంట్లో మిమ్మల్ని చూసుకునేవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది ఆ తెర.

"నేనున్నాను, రాసుకో," అన్నాడు భర్త.

"ఈ జవాబు రోగి చెప్పాలి," అంది తెర.

"చెప్పవే అమ్మా, మేమంతా లేమూ," అంది అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. అమ్మా అన్న పిలుపు ఆ నోట కొత్త.

అందరూ ఆమె వైపు చూశారు. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే ఆయన పరువు నిలుస్తుంది, అత్తగారి ఏడుపు ఆగుతుంది, ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. ఇన్నాళ్ళూ ఆయన ఆమె తరఫున అబద్ధం చెప్పాడు. ఇప్పుడు ఆయన తరఫున ఆమె చెప్పాలి... అంతే కదా!

"లేరు," అంది.

"మీతో ఎవరుంటారు?"

"మా ఆయన, మా అత్తగారు."

"వారు మిమ్మల్ని చూసుకోగలరా?"

"చూసుకోరు."

భర్త నర్సును పక్కకు పిలిచి, "అది మార్చడం కుదరదా అమ్మా?" అని అడిగాడు.

"ఆవిడ చెబితే మారుస్తాం సార్."

ఆపరేషన్ జరిగింది. ఆమె బతికింది. కోలుకునేవాళ్ళ వార్డులో ఉంచారు, అక్కడి నుంచి కూతురు తన ఇంటికి తీసుకువెళుతుంది. ఆయన రోజూ సాయంత్రం వచ్చి, మంచం పక్కన నిలబడి, "ఇప్పుడైనా ఆ జవాబు మార్చవూ," అని అడుగుతున్నాడు.

ఆమె మార్చలేదు.