బనియనుకు అంటని రక్తం

"అమ్మా, మా తమ్ముడు ఎవర్నీ చంపలేదు. సాయంత్రంలోగా జైలుకు పంపేస్తారట!"

కొండల్లోని ఓరూరో గనుల దగ్గర్నుంచి పరుగున వచ్చిన సాతుర్నినా గడపలోనే కూలబడింది. డిటెక్టివ్ ఔరేలియా ఆమెకు కోకా ఆకుల టీ అందించింది. సహాయకురాలు నీల్దా పుస్తకం తెరిచింది.

ఆ ఉదయం గని వాకిట్లో నేలతల్లికి లామా అనే ఒంటెజాతి జంతువును బలిచ్చారు. మధ్యాహ్నానికి ముసలి గనికార్మికుడు గ్రెగోరియో పాకలో గుండెల్లో కత్తితో శవమై కనిపించాడు. కత్తి సాతుర్నినా తమ్ముడు ఫెర్మిన్‌ది. మూలనున్న అతని కోటు మీదా రక్తమే.

"వాళ్ళిద్దరికీ పడదా?"

"గ్రెగోరియో తాతకి వాడంటే ప్రాణం. తను తవ్వే చోటు వాడికే ఇస్తానన్నాడు. హిలారియోన్ మామకి అది కంటగింపే. కానీ పొద్దున బలిరక్తం పళ్ళెం పట్టింది ఆయనేనమ్మా, అనుమానిస్తే పాపం."

"తాత ఆరోగ్యం?"

"పెదాలెప్పుడూ ఊదారంగే. పది అడుగులకే రొప్పేవాడు."

గని పాకలో ఔరేలియా శవం చొక్కా గుండీలు విప్పింది. చొక్కా నిండా రక్తం. లోపలి బనియనుకు మాత్రం కత్తి గాటు, చిన్న మరక, అంతే. చొక్కా మీది తడి మరకనూ, కోటు మీది మరకనూ సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

నీల్దా తొంగిచూసింది. "కణాలు కోలగా ఉన్నాయేంటక్కా?"

"అదే నేనూ చూస్తున్నా."

అందరినీ గని వాకిట్లోకి పిలిచారు. వాళ్ళ బుగ్గల మీద పొద్దుటి బలిరక్తపు బొట్లు ఇంకా చెరగలేదు.

"గుండె కొట్టుకుంటుంటే కత్తిపోటుకి రక్తం లోపల్నుంచి చిమ్ముతుంది. ముందు బనియను తడవాలి. ఇక్కడ పైచొక్కాయే తడిసింది. అంటే పోటు పడేసరికే గుండె ఆగిపోయింది" అంది ఔరేలియా. "ఈ కొండల్లో గాలి పలచన, అందుకే మనుషుల రక్తం చిక్కన. దాన్ని నెట్టీ నెట్టీ తాత గుండె అలిసిపోయింది."

"మరి చొక్కా మీది రక్తమో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మనిషి రక్తకణం గుండ్రం. లామాది కోల. చొక్కాది, కోటుది, రెండూ లామా రక్తమే. బలిరక్తం ఆఖరి చుక్కదాకా నేలతల్లికే పోయాలిగా, పోశారా?"

ఓ ముసలావిడ గొంతు లేచింది. "సగం పళ్ళెం పాకలోకి పట్టుకుపోయావు కదరా హిలారియోన్! తర్వాత పోస్తానన్నావు!"

"నేను చంపలేదు! నేను చూసేసరికే పోయాడు!"

"చంపావని నేననలేదే. శవంలో ఫెర్మిన్ కత్తి దించి, చొక్కా మీదా కోటు మీదా బలిరక్తం పోశావు. ఫెర్మిన్ జైలుకెళ్తే ఆ చోటు నీదవుతుందనుకున్నావు."

ఇన్‌స్పెక్టరు ఫెర్మిన్ చేతుల బేడీలు తీసి హిలారియోన్‌కు వేశాడు.

సాతుర్నినా తమ్ముణ్ణి వాటేసుకుంది. అతను మెల్లగా విడిపించుకుని, పాకలోంచి పళ్ళెం తెచ్చి, మిగిలిన రక్తాన్ని గని గుమ్మం దగ్గర నేలమీద పోశాడు.

"ఇక రొప్పక్కర్లేదు తాతా, పడుకో" అన్నాడు.

నీల్దా తెలియకుండానే తన గుండె మీద చెయ్యి వేసుకుంది. అది కొట్టుకుంటూనే ఉంది.